పరీక్ష రాశావా, తీసుకున్నావా, ఇచ్చావా?

మన పిల్లలు ఇంగ్లీషులో తడబడేది చాలాసార్లు చిన్న మాటల దగ్గరే. ఏ నామవాచకం పక్కన ఏ క్రియ రావాలో బడిలో విడిగా ఎవరూ చెప్పరు. ఆ జతలు తెలిస్తే సగం తప్పులు వాటంతటవే పోతాయి.

మార్చి ముగుస్తోందంటే జంగారెడ్డిగూడెంలో ఇద్దరు ఎదురుపడితే రెండు ప్రశ్నలు తప్పవు. పొగాకు వేలంలో కిలో ఎంత పలికింది? పిల్లలు పరీక్షలు ఎలా రాశారు? మొదటిదానికి జవాబు పొగాకు బోర్డు వేలం కేంద్రాల దగ్గర దొరుకుతుంది. రెండోది పిల్లలే చెప్పాలి. “ఏరా, లెక్కల పరీక్ష ఎలా రాశావు?” “బాగానే రాశాను మావయ్యా.” ఇందులో తడుముకోవాల్సిందేమీ లేదు. అదే పిల్లాడు డాలస్‌లోనో టొరంటోలోనో ఉన్న పెదనాన్న కొడుకుతో ఫోన్లో “ఐ రోట్ మై మ్యాథ్స్ ఎగ్జామ్ వెల్” అన్నాడనుకోండి. టొరంటోలో ఉన్నవాడికి అందులో వింతేమీ కనపడదు. డాలస్‌లో పుట్టి పెరిగినవాడు మాత్రం ఒక్క క్షణం ఆగుతాడు. అమెరికాలో ‘రైట్ యాన్ ఎగ్జామ్’ అంటే ప్రశ్నపత్రం తయారుచేయడం అనే అర్థమే ముందు తోస్తుంది. అది మాస్టారి పని. విద్యార్థి చేసేది ‘టేక్’. ఇంగ్లండులో ‘సిట్’ అంటారు, ‘టేక్’ అని కూడా అంటారు. కెనడా, దక్షిణాఫ్రికాల్లో మాత్రం మనలాగే ‘రైట్’. నిఘంటువులు కూడా ఆ వాడుకను ఆ దేశాల పేరు మీద నమోదు చేశాయి.

మన దేశం సంగతి చూస్తే ఇంకో తమాషా కనపడుతుంది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం నాలుగూ పరీక్షను ‘రాస్తాయి’. హిందీ, మరాఠీ, బెంగాలీ పరీక్షను ‘ఇస్తాయి’. అందుకే హైదరాబాదులోనో బెంగళూరులోనో ఒకే హాస్టల్ గదిలో మనవాడు “ఐ రోట్ ది ఎగ్జామ్” అంటే, లక్నో నుంచి వచ్చినవాడు “ఐ గేవ్ ది ఎగ్జామ్” అంటాడు. ఇద్దరూ తమ తల్లిభాషలోని క్రియనే ఇంగ్లీషు నామవాచకానికి తగిలించారు. కానీ రెండు తప్పుల బరువు ఒకటి కాదు. మనవాడి మాట కనీసం రెండు దేశాల్లో చెల్లుతుంది. రెండోవాడి మాటకు అమెరికాలో అర్థమే తిరగబడుతుంది, ఎందుకంటే అక్కడ పరీక్ష ‘గివ్’ చేసేది ఉపాధ్యాయుడు.

అసలు పరీక్ష అన్న ఒక్క మాట చుట్టూ తెలుగులో ఎన్ని క్రియలు చేరాయో చూడండి. బడివాళ్లు పరీక్ష పెడతారు. పిల్లలు రాస్తారు. కొందరు ఎగ్గొడతారు. వెనకటి తరం వాళ్లయితే “మా వాడు ఈ ఏడు ప్రైవేటుగా మెట్రిక్‌కి కట్టాడు” అనేవారు. ఫీజు కట్టడమే పరీక్షకు కూర్చోవడం. పరీక్ష పోతుంది, తప్పుతుంది, గట్టెక్కుతుంది. పక్కవాడి కాగితంలో చూస్తే కాపీ కొట్టడం. మాస్టార్లు పేపర్లు దిద్దుతారు. ఇంగ్లీషులో ఈ గొలుసంతా వేరు. పేపరును ‘సెట్’ చేస్తారు, పరీక్షను ‘హోల్డ్’ చేస్తారు లేదా ‘కండక్ట్’ చేస్తారు, దిద్దడాన్ని ఇంగ్లండులో ‘మార్క్’ అంటారు, అమెరికాలో ‘గ్రేడ్’ అంటారు, కాపీ కొట్టడాన్ని ‘చీట్’ అంటారు. ఒక్క నామవాచకానికి ఇంత పరివారం. మన పిల్లల చేతికి మాత్రం మనం ఇచ్చేది ‘ఎగ్జామినేషన్ అంటే పరీక్ష’ అన్న ఒక్క ముక్క.

తెలుగువాడు పరీక్షను రాయడం ఎప్పుడు మొదలుపెట్టాడు? పాతకాలపు వీధిబడిలో పాఠాన్ని ఒప్పజెప్పేవారు. పద్యం, ఎక్కం, అమరం, అన్నీ నోటితోనే. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చి, మెట్రిక్యులేషన్ పేరుతో కాగితం మీద జవాబులు రాయించడం మొదలయ్యాక మన జిల్లాల పిల్లలు కలం పట్టి పరీక్షకు కూర్చున్నారు. చేసే పనిని బట్టే ‘రాయడం’ స్థిరపడి ఉంటుంది. ఇప్పుడు ఆ పని మారిపోయింది. ఎంసెట్ మన రాష్ట్రంలో 2017 నుంచి కంప్యూటర్ మీదే. 2021లో దాని పేరు ఈఏపీసెట్ అయింది. మౌస్ నొక్కి వచ్చిన పిల్ల కూడా “ఈఏపీసెట్ రాశాను” అనే అంటుంది. పని పోయినా క్రియ నిలిచిపోయింది. ప్రతి భాషలోనూ జరిగేది ఇదే, ఇంగ్లీషులో కూడా.

చేయి ఒక్కటే, ఇంగ్లీషుకు రెండు

మనవాళ్ల ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వినపడే తప్పు “ఐ డిడ్ ఎ మిస్టేక్”. ఇది ఏ దేశంలోనూ చెల్లదు. తప్పును ఇంగ్లీషువాళ్లు ‘మేక్’ చేస్తారు, ‘డూ’ చేయరు. మరి మన పిల్లాడు ఎందుకలా అంటాడు? తెలుగులో ‘చేయు’ ఒక్కటే కాబట్టి. కుండ చేస్తాం, పని చేస్తాం, తప్పు చేస్తాం, సాయం చేస్తాం, గోల చేస్తాం, ప్రయాణం చేస్తాం, అన్యాయం చేస్తాం. ఒకే క్రియ ఇన్నింటిని మోస్తుంది. ఇంగ్లీషు ఈ బరువును రెండుగా పంచింది. తప్పు, గోల, ప్రయత్నం, ప్రయాణం, వాగ్దానం, ఫోను ‘మేక్’ వాటాకు వెళ్లాయి. సాయం, హాని, అన్యాయం, వ్యాపారం, హోంవర్కు, ఇంటిపని ‘డూ’ వాటాకు వచ్చాయి.

దీనికి సూత్రం లేదా అని అడుగుతారు. కొంతవరకు ఉంది. చేసిన పని ఫలితంగా కొత్తగా ఏదైనా పుడితే ‘మేక్’, పని జరగడమే ముఖ్యమైతే ‘డూ’. టీ ‘మేక్’ చేస్తాం, లెక్క ‘డూ’ చేస్తాం. ఈ సూత్రంతో కొంత దూరం నడవచ్చు, తర్వాత అది ముందుకు సాగదు. పొద్దున్నే లేచి దుప్పటి మడిచి పక్క సర్దడాన్ని ‘మేక్ ది బెడ్’ అంటారు. అప్పటికే ఉన్న పక్కను మళ్లీ పుట్టించేది ఏముంది? హాని వల్ల ఫలితం పుడుతుంది, అయినా అది ‘డూ’. సూత్రాన్ని పట్టుకుని వెళ్లిన పిల్లాడు ఈ మలుపుల్లోనే పడతాడు. ఇక్కడ పనికొచ్చేది అలవాటు ఒక్కటే. ఈ కష్టం మనకొక్కరికే లేదు. ఫ్రెంచివాళ్లకు ‘ఫేర్’, హిందీవాళ్లకు ‘కర్నా’ ఒక్కొక్కటే. వాళ్ల పిల్లలు కూడా సరిగ్గా ఇక్కడే పొరబడతారు.

‘పెట్టు’, ‘వేయు’ అన్న మన రెండు క్రియలు కూడా ఇంగ్లీషులో మనల్ని బాగా ఇరుకున పెడతాయి. సెలవు పెట్టాం కాబట్టి “ఐ పుట్ లీవ్”. ఓటు వేశాం కాబట్టి “ఐ పుట్ మై ఓట్”. టాబ్లెట్ వేసుకున్నాం కాబట్టి “ఐ పుట్ ఎ టాబ్లెట్”. శ్రద్ధ పెట్టమన్నారు కాబట్టి “పుట్ అటెన్షన్”. ఇంగ్లీషులో సెలవును ‘టేక్’ చేస్తారు, ఓటును ‘కాస్ట్’ చేస్తారు, మాత్రను ‘టేక్’ చేస్తారు, శ్రద్ధను ‘పే’ చేస్తారు. శ్రద్ధను డబ్బులా చెల్లించడం ఏమిటని అడిగితే జవాబు లేదు. హిందీ దాన్ని ఇస్తుంది, ఫ్రెంచి చేస్తుంది, తెలుగు పెడుతుంది, ఇంగ్లీషు చెల్లిస్తుంది. మందు సంగతి కూడా అంతే. జపానువాళ్లు మాత్రను కూడా ‘తాగుతారు’, అందుకే వాళ్ల ఇంగ్లీషులో “డ్రింక్ మెడిసిన్” దొర్లుతుంటుంది.

ఉద్యోగాల వేటలో ఉన్న యువకులు “అయామ్ డూయింగ్ జాబ్ ఇన్ హైదరాబాద్” అంటారు. ‘ఐ వర్క్’ అంటే సరిపోతుంది, లేదా ‘ఐ హావ్ ఎ జాబ్’. “వియ్ డిడ్ అవర్ డాటర్స్ మ్యారేజ్” అనే తండ్రి మాటలో మన పెళ్లిచేయడమంతా ఉంది. కన్యాదానం, ఖర్చు, బాధ్యత, ఊరందరి భోజనాలు. ఇంగ్లీషు ‘గాట్ అవర్ డాటర్ మ్యారీడ్’ అని చెప్పి ఊరుకుంటుంది. తలంటు పోసుకోవడాన్ని “హెడ్ బాత్” అనడం మనకూ తమిళులకూ అలవాటే. ఇంగ్లండులో ‘వాష్ మై హెయిర్’ అంటే గానీ అర్థం కాదు.

అన్నీ తేడాలే అనుకోవద్దు. మాట ఇవ్వడం, ప్రాణం ఇవ్వడం, ప్రాణం తీయడం, ఈ మూడింటికీ ఇంగ్లీషులోనూ అవే క్రియలు. ప్రశ్న వేయడం, అంటే ‘పుట్ ఎ క్వశ్చన్’, అక్కడ కూడా చక్కగా చెల్లుతుంది. సంతకం పెట్టడాన్ని ‘పుట్ యువర్ సిగ్నేచర్’ అన్నా తప్పు లేదు. ఏది కలుస్తుందో ఏది కలవదో ముందుగా ఊహించలేకపోవడమే అసలు చిక్కు.

మాట చుట్టూ తిరిగి వద్దాం

ఈ చిక్కు ఇంగ్లీషు దోషమేమీ కాదు. తెలుగు ఇంతకన్నా చిక్కుగా ఉంటుంది, మనం గమనించం. నిజం చెబుతాం కానీ అబద్ధం ఆడతాం. బేరం ఆడతాం, వేలం పాడతాం, పందెం కాస్తాం. కల కంటాం, పిల్లల్నీ కంటాం. స్నానం చేస్తాం, నిద్ర పోతాం. దండం పెడతాం, దెబ్బ తింటాం, పరుగు తీస్తాం. ‘మాట’నే తీసుకోండి. మాట ఇచ్చినవాడు కట్టుబడాలి. మాట తప్పినవాడికి పరువు పోతుంది. మాట పడ్డవాడికి బాధ. మాట జారినవాడికి పశ్చాత్తాపం. మాట కలిపితే పరిచయం, మాట తీసుకుంటే భరోసా, మాట విసిరితే తగాదా, మాట మారిస్తే మోసం. నామవాచకం ఒక్కటే, పక్కనున్న క్రియ మారినప్పుడల్లా ఒక కొత్త మనిషి కనపడుతున్నాడు. జంగారెడ్డిగూడెం మెట్టలో ఏ రైతునైనా అడగండి. బోరు వేయించడం వేరు, బోరు కొట్టడం వేరు. మొదటిది నీళ్ల కోసం, రెండోది విసుగు.

ఇవన్నీ మనకు ఎవరు నేర్పారు? ఏ వ్యాకరణ పుస్తకమూ నేర్పలేదు. ఐదేళ్ల పిల్ల “అబద్ధం చేశాడు” అనదు, “అబద్ధం ఆడాడు” అంటుంది. ఆ మాట వినపడినప్పుడల్లా జతగానే వినపడింది. ఇక్కడి నుంచి బుట్టాయగూడెం వైపు కొండల్లోకి వెళ్తే కోయ ఇళ్లలో పుట్టి, తెలుగును బడిలో నేర్చుకునే పిల్లలు కనపడతారు. వాళ్లకు తెలుగు జతలే మొదట పరాయివి, ఇంగ్లీషు జతలు ఆ తర్వాతివి. ఒకే వయసులో రెండు భాషల జతలు కొత్తగా పట్టుకుంటున్న ఆ పిల్లల శ్రమను తప్పుల లెక్కతో కొలవడం అన్యాయం.

ఈ బాధ ఎదురు దిశలో కూడా నడిచింది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అనే ఇంగ్లీషువాడు మచిలీపట్నంలోనూ రాజమహేంద్రవరంలోనూ కొలువు చేసిన కాలంలో తెలుగు జతలను పట్టుకోవడానికి తంటాలు పడ్డాడు. 1852లో అచ్చయిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తే ఆ శ్రమ ఫలం కళ్లకు కడుతుంది. నామవాచకం ఇచ్చి ఊరుకోకుండా, దానితో కలిసే క్రియను కూడా చాలాచోట్ల చేర్చుకుంటూ పోయాడు. పరాయి భాష నేర్చుకునేవాడికి ఏది కావాలో ఆయనకు తెలుసు, తాను నేర్చుకుంటున్నవాడే కాబట్టి.

ఇంగ్లీషు జతలను శాస్త్రంగా పట్టించుకోవడం కూడా ఇంగ్లండు బయటే ఊపందుకుంది. హెరాల్డ్ పామర్ అనే ఇంగ్లీషు ఉపాధ్యాయుడు 1922లో జపాను వెళ్లాడు. అక్కడి విద్యార్థుల ఇబ్బంది చూసి, ఏ మాటతో ఏ మాట కలుస్తుందో పోగుచేసి 1933లో టోక్యోలో ఒక నివేదిక వేశాడు. ఆయనతో కలిసి పనిచేసిన ఎ.ఎస్. హార్న్‌బీ 1942లో అక్కడే ఒక నిఘంటువు తెచ్చాడు. ఇవాళ మన పుస్తకాల షాపుల్లో ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ అని అమ్మేది దాని వారసురాలే. జపాను పిల్లల తడబాటు చూసి పుట్టిన పుస్తకం అది. మనలాంటివాళ్ల కోసమే పుట్టిందన్నమాట.

ఇంకో పేరు మనకు మరీ దగ్గర. మాటల జతలను ఇంగ్లీషులో కొలొకేషన్ అంటారు. ఆ ఆలోచనకు భాషాశాస్త్రంలో చోటు సంపాదించినవాడు జె.ఆర్. ఫర్త్. 1920లలో లాహోరులో, పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యుడు. తర్వాత లండన్ చేరాడు. 1937లో మళ్లీ మన దేశానికి వచ్చి రెండు భాషల మీద పనిచేశాడు. ఒకటి గుజరాతీ, రెండోది తెలుగు. ఒక మాటను తెలుసుకోవాలంటే దాని పక్కన ఏ మాటలు కూర్చుంటున్నాయో చూడమన్నది ఆయన బోధ. ఆ బోధ పుట్టుకలో మన తెలుగు వాటా ఎంతో కొలవడం కష్టమే, కానీ తెలుగును చదివినవాడి నోట ఆ మాట రావడం నాకు సహజంగా తోస్తుంది.

టేక్, హావ్, మేక్, గివ్ లాంటి క్రియలకు ఒట్టో యెస్పర్సన్ అనే డెన్మార్కు పండితుడు తేలిక క్రియలని పేరు పెట్టాడు. సొంత అర్థాన్ని దాదాపు వదిలేసి, పక్క నామవాచకం అర్థాన్ని మోసేవి. ఆ తేలిక క్రియల్లో ఇంగ్లీషువాళ్లకే ఏకాభిప్రాయం లేదు. ఇంగ్లండువాడు స్నానాన్ని ‘హావ్’ చేస్తే అమెరికావాడు ‘టేక్’ చేస్తాడు. నిర్ణయాన్ని అమెరికావాడు ‘మేక్’ చేస్తాడు, ఇంగ్లండులో ‘మేక్’తో పాటు ‘టేక్’ కూడా నడుస్తుంది. కాబట్టి “టేక్ ఎ డెసిషన్” అన్న విద్యార్థి వాక్యం మీద ఎర్ర సిరా పడితే ఆ మార్కు వెనక్కి ఇవ్వాలి.

సెలవు చీటీ చెప్పే సత్యం

జతగా నేర్చుకున్నది మరిచిపోమనడానికి మన దగ్గరే గట్టి రుజువు ఉంది. తెలుగు నేల మీద ఏ బడిలో చదివినవాళ్లనైనా సెలవు చీటీ రాయమనండి. జ్వరంతో బాధపడుతున్నాను, రెండు రోజులు సెలవు మంజూరు చేయండి. ఆ చివరి వాక్యంలో ‘గ్రాంట్ మీ లీవ్’ అన్న జత తప్పకుండా ఉంటుంది. ‘గ్రాంట్’ అంటే ఏమిటో విడిగా అడిగితే చాలామంది తడబడతారు. అయినా చీటీలో ఒక్కరూ ‘పుట్ లీవ్’ అని రాయరు. ఎందుకంటే మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో ఆ రెండు మాటలూ కలిసి నోటికి వచ్చాయి. అదే మనిషి పెద్దయి, ఆఫీసులో పక్కవాడితో “టుమారో ఐ యామ్ పుటింగ్ లీవ్” అంటాడు. చీటీలో జత తెలుసు, మాటలో తెలియదు. తెలివిలో తేడా లేదు, నేర్పిన తీరులో ఉంది.

ఇంగ్లీషు క్లాసులో మనం ఏళ్ల తరబడి చేస్తున్నది యాక్టివ్ వాయిస్‌ను ప్యాసివ్‌లోకి మార్చడం, డైరెక్ట్ స్పీచ్‌ను ఇండైరెక్ట్‌లోకి మార్చడం. 1930ల నాటి రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం ఇంకా ఎన్నో ఇళ్లలో ఉంది. మంచి పుస్తకమే, దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ దారిలో పిల్లాడు వాక్యాన్ని ఎలా తిప్పాలో నేర్చుకుంటాడు, వాక్యంలోకి ఏ మాటను పిలవాలో నేర్చుకోడు. “ఎ మిస్టేక్ వాజ్ డన్ బై మీ” అని ప్యాసివ్‌లోకి చక్కగా మార్చి పూర్తి మార్కులు తెచ్చుకున్నా తప్పు అలాగే ఉంటుంది.

ఏ తప్పుకు ఎంత శిక్ష అన్నది కూడా తేలాలి. “ఐ రోట్ ది ఎగ్జామ్” మన దేశపు ఇంగ్లీషు. ఇంట్లో, ఊళ్లో, మన కాలేజీల్లో వాడుకోవచ్చు. విదేశీ దరఖాస్తులో ‘టేక్’ రాస్తే చాలు. కచేరీ ఉత్తరాల్లో ఇప్పటికీ కనపడే ‘డూ ది నీడ్‌ఫుల్’ మనం కనిపెట్టింది కాదు. ఒకప్పుడు ఇంగ్లండులోనే నడిచి అక్కడ పాతబడిపోయింది, ఇక్కడ నిలిచింది. దాన్ని చూసి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు, కానీ ఈనాటి ఉత్తరంలో పని ఏమిటో సూటిగా రాయడం మేలు. “ఐ గేవ్ ది ఎగ్జామ్” లాంటివి అవతలివాడిని పక్కదారి పట్టిస్తాయి, వదిలించుకోవాలి. “ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2015” కూడా ఆ కోవదే. సైనిక అకాడమీల్లో ‘పాసింగ్ అవుట్’ అంటారు గానీ, మామూలు మాటల్లో విదేశీయుడికి అది స్పృహతప్పి పడిపోవడం. ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి. “డిడ్ ఎ మిస్టేక్”, “పుట్ లీవ్”, “డూయింగ్ జాబ్” మాత్రం దిద్దుకు తీరాల్సినవి.

దిద్దుకోకపోతే నష్టమేమిటి, అర్థమవుతోంది కదా అంటారు. అర్థమవుతుంది, నిజమే. కానీ విదేశీ చదువుకు, వలసకు మనవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో రాతకూ మాటకూ మార్కులు వేసే నాలుగు ప్రమాణాల్లో పదసంపద ఒకటి. 7వ బ్యాండ్ దగ్గరికి వచ్చేసరికి పరీక్షకులు కొలొకేషన్ పేరు పెట్టి మరీ చూస్తారు. పెద్ద పెద్ద మాటలు బట్టీపట్టి వెళ్లినవాళ్లు అరబ్యాండ్ తక్కువై మళ్లీ ఫీజు కట్టేది ఇలాంటి చిన్న మాటల దగ్గర కూడా. ఆ ఫీజు మెట్ట రైతు కుటుంబానికి చిన్న మొత్తం కాదు.

మన తెలుగుకు తగిలిన దెబ్బ

జతల రాకపోకలు ఒకవైపే జరగవు. ఇంగ్లీషు క్రియలు మన తెలుగులో ఎప్పుడో కూర్చున్నాయి. ‘చర్యలు తీసుకుంటాం’, ‘సంఘటన చోటు చేసుకుంది’, ‘కీలక పాత్ర పోషించారు’, ‘ప్రశ్న లేవనెత్తారు’, ‘నిజం వెలుగులోకి వచ్చింది’. వీటి వెనక ఉన్నది ఇంగ్లీషు వాక్యమే. పత్రికలవాళ్లం తొందరలో అనువదించుకున్న జతలు నేడు పంచాయతీ తీర్మానాల దాకా వచ్చాయి. కొన్ని ఇమిడిపోయాయి, వాటితో నాకు పేచీ లేదు. ‘విశ్రాంతి తీసుకోండి’ అనకుండా ఏ డాక్టరూ రోగిని పంపలేడు. కానీ ‘జరిగింది’ అంటే సరిపోయే చోట ‘చోటు చేసుకుంది’ అనడం నాకు నచ్చదు. ఈ మధ్య పట్నం పిల్లలు “బాత్ తీసుకున్నా”, “కేర్ తీసుకో” అంటున్నారు. స్నానం చేయడం, జాగ్రత్తగా ఉండడం వాళ్ల నోటి నుంచి జారిపోతున్నాయి. తెలుగు జత పోగొట్టుకుని, ఇంగ్లీషు జత పూర్తిగా దొరకక, రెండింటి మధ్య మిగిలిపోయిన పిల్లల్ని చూస్తే బాధ వేస్తుంది. తన భాషలో జతలు గట్టిగా ఉన్నవాడే ఇంకో భాషలో జత కోసం వెతుకుతాడు. తేడా ఉందని వాడికి తెలుసు కాబట్టి.

మాధ్యమం గొడవ మన రాష్ట్రంలో చాలా దూరం నడిచింది. 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నింటిలో ఇంగ్లీషు మాధ్యమం పెడుతూ జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది. 2023లో టోఫెల్ పరీక్షల కోసం ఆ పరీక్షలు పెట్టే అమెరికా సంస్థతో ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నది పక్కన పెడితే, ఆ గొడవలో ఒక మంచి వస్తువు పిల్లల చేతికి వచ్చింది. ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషు, తెలుగు అచ్చేసిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు. సైన్సు, సాంఘికం పుస్తకాలను జతల కోసం ఎవరూ చూడటం లేదు. ఒక పేజీలో ప్రయోగం చేస్తారు, పటం గీస్తారు, కొలతలు తీసుకుంటారు. ఎదుటి పేజీలో అదే పనికి ఇంగ్లీషు క్రియ సిద్ధంగా ఉంటుంది. రెండు పేజీల మీదా పెన్సిల్‌తో గీతలు గీయించే ఓపిక ఉన్న ఉపాధ్యాయుడు దొరికితే, ఆ సైన్సు పుస్తకమే మన పిల్లలకు జతల నిఘంటువు అవుతుంది. అదనంగా పైసా ఖర్చు లేదు.

అందుకే రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలికి ఈ విన్నపం. ఇంగ్లీషు వాచకంలో పాఠం చివర ఇచ్చే పదాల పట్టికలో నామవాచకం ఒక్కటే అచ్చేయకండి. దానితో నడిచే క్రియను కూడా పక్కనే ఇవ్వండి. ‘మిస్టేక్’ అన్నచోట ‘మేక్ ఎ మిస్టేక్’, ‘అటెన్షన్’ అన్నచోట ‘పే అటెన్షన్’ అని. ఉపాధ్యాయులు డిక్టేషన్ చెప్పేటప్పుడు ఒంటరి మాట చెప్పకుండా జత చెప్పండి. పిల్లాడు “డిడ్ ఎ మిస్టేక్” అన్నప్పుడు క్లాసులో నవ్వనివ్వకండి. వాడు చక్కని తెలుగులో ఆలోచించి ఇంగ్లీషు మాట్లాడాడు, రెండో సగం ఒక్కటే అందించాలి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఇంట్లో పిల్లలతో తెలుగు మానకండి. ఇంగ్లీషు వార్తాపత్రికలో రోజూ ఒక్క పేరా పిల్లల చేత పైకి చదివించి, అందులో కనపడిన క్రియ-నామవాచకాల జతలను ఒక నోటుపుస్తకంలో రాయించండి. రెండు మాటలూ కలిపి రాయించండి.